బలవంతుని పరాజయమునకు హేతువెక్కడ?

2018వ సంవత్సరమున ‘అవెంజర్స్: ఇన్ఫినిటీ వార్’ అను ఆంగ్ల చలనచిత్రము తెలుగు మాటలతో కూడ విడుదలయ్యెను. అందలి ప్రతినాయకుడగు థానోస్‌కు తెలుగున గళమిచ్చినవాడు రానా దగ్గుబాటి. ‘బాహుబలి’లో భల్లాలదేవుడై గదపట్టినవాడతడే. చిత్రము మొదలైన కొలదిసేపటికే హల్క్ అను హరితకాయుడు థానోస్ మీద పడును. కోపము పెరిగిన కొలది బలము పెరుగువాడని ఆ హల్కును గూర్చి అంతకుముందు వచ్చిన చిత్రములన్నియు చాటినవి. అట్టివాడు నాలుగు పిడిగుద్దులకు నేలగరచును. మిగిలిన చిత్రమంతయు పిలిచినను బయటకు రాడు.

ఇది చూచిన ప్రతి పిల్లవాడును ఇంటికి వచ్చి ఒకే ప్రశ్న అడుగును: “అంత బలవంతుడు అంత తేలికగా ఎట్లు ఓడెను?” పెద్దలు దానిని పిల్లచేష్టగా త్రోసివేయుదురు. అది పిల్లచేష్ట కాదు. కార్యమునకు కారణమేదని అడుగుట దర్శనశాస్త్రములన్నిటికిని ప్రథమ సోపానము. ఆ బాలుడు తెలియకయే తార్కికుడైనాడు. అతనికి సమాధానము చెప్పలేకపోవుట పెద్దల లోపము.

పూర్వపక్షములు

ఈ విషయమున రెండు వాదములు ప్రచారమున ఉన్నవి. రెండును ఖండింపదగినవే.

మొదటిది యువకుల వాదము. “మీ పురాణములలో మాత్రము బలవంతులు ఓడలేదా? హనుమంతుని ఇంద్రజిత్తు కట్టివేయలేదా? భీష్ముడు పడలేదా? కర్ణుని రథచక్రము క్రుంగలేదా? వాల్మీకి వ్యాసులు చేసినదే హాలీవుడ్ వారును చేయుచున్నారు. తేడా ఏమున్నది?” అని వారందురు.

రెండవది కొందరు ఆస్తికుల వాదము. “మన వీరులు ఎన్నడును ఓడలేదు. కట్టుబడినట్లు నటించిరి, పడినట్లు నటించిరి. అంతయు లీల” అని వారందురు. వినుటకు ఇది భక్తివలె తోచును. విచారించినచో మొదటి వాదముకంటె ఇదియే ఎక్కువ హాని చేయును. యువకుడు తేడా తెలియక మాట్లాడుచున్నాడు, తెలిపినచో గ్రహించును. ఈ ఆస్తికుడు ఉన్న తేడాను తన చేతితోనే చెరిపివేయుచున్నాడు.

చిత్రకథల యుక్తులు

మొదట ఆ చిత్రములలో బలవంతుడు ఓడు విధానమును పరిశీలింపవలెను. అందు మూడు యుక్తులు కానవచ్చును.

మొదటి యుక్తి కొలబద్ద. క్రొత్తగా వచ్చిన శత్రువు ఎంతటివాడో ప్రేక్షకునకు తెలియవలెను. దానికి సులభోపాయము, అందరికంటె బలవంతుడని పేరుపొందినవానిని మొదటనే అతనిచేత కొట్టించుట. హల్క్ ఓటమి అట్టిది. అతడేమి అపరాధము చేసెనని ఓడెను? ఏ మాటకు కట్టుబడి ఓడెను? ఏమియు లేదు. బట్టకొలువు గజముబద్దవలె వాడుకొని పక్కన పడవేసిరి. 2019లో వచ్చిన ‘ఎండ్‌గేమ్’లో ఆ హల్కును అతనిలోని శాస్త్రజ్ఞుడును ఏకమై కనిపింతురు. ఆ సంధి ఎట్లు కుదిరినదో చూపరు. కథలోని అయిదేండ్ల విరామమున తెరవెనుక జరిగిపోయినదని రెండు మాటలలో చెప్పి ముగింతురు.

రెండవ యుక్తి దూరప్రేషణము. ఆ ‘ఎండ్‌గేమ్’లోనే కెప్టెన్ మార్వెల్ అను మహాబలశాలిని ఉన్నది. ఆమె ఉన్నచో కథ త్వరగా ముగియును. కావున అన్య గ్రహములలో పని ఉన్నదని చెప్పించి చాలసేపు కథకు దూరముగా ఉంచిరి.

మూడవ యుక్తి రాయి. సూపర్‌మ్యాన్ 1938లో బొమ్మల కథలలో పుట్టినవాడు. అతనిని నిర్వీర్యుని చేయు క్రిప్టోనైట్ అను శిల ఆనాటి కథలో లేదు. 1943లో రేడియో నాటకమున అది ప్రవేశించెను, ఆ తరువాత బొమ్మల కథలకెక్కెను. బలమునకు హద్దు లేనప్పుడు కథ నడువదని రచయితలకు తెలిసివచ్చినది. హద్దు లేనిచో ఏమగునో 1978 నాటి ‘సూపర్‌మ్యాన్’ చిత్రమే చూపినది. ప్రియురాలు మరణింపగా నాయకుడు భూమి చుట్టును వేగముగా తిరిగి కాలమునే వెనుకకు మరల్చును. కాలమును మరల్పగలవానికి ఇక ఏ ఆపద ఆపద యగును?

ఈ మూడింటికిని మూలమొక్కటే. వరుసగా భాగములు తీయదలచిన నిర్మాతకు మహాబలుడు పెద్ద ఇబ్బంది. అతడు వెంటనే గెలిచినచో కథ ముగియును; నిజముగా మరణించినచో వ్యాపారము ముగియును. కావున అతడు ఓడవలెను, ఓడినను ఏమియు కాకుండవలెను. ఆ ఓటమికి కారణము నాయకుని నడవడిలో లేదు, నిర్మాత అవసరములో ఉన్నది. హేతువువలె కనిపించి హేతువు కానిదానిని నైయాయికులు హేత్వాభాసమందురు. ఆకుపచ్చని శిల సరిగా అట్టిదే.

సురభి రంగస్థలము

ఇప్పుడు సీమలోని ఒక పల్లెను స్మరింపవలెను. తోలుబొమ్మలాట ఆడుచు జీవించిన కుటుంబములవారు 1885లో కడప జిల్లాలోని సురభి గ్రామమున బొమ్మలను విడిచి తామే వేషములు కట్టి నాటకము ప్రదర్శించిరి. వనారస గోవిందరావు దానికి మూలపురుషుడు. ఆ గ్రామము పేరే ఆ సమాజములకు పేరై, సురభి నాటకములని తెలుగుదేశమంతట ప్రసిద్ధి కెక్కినది. వారు ప్రదర్శించిన ఆ మొదటి నాటకము కీచకవధ.

మహాబలుని కథ ఎట్లుండవలెనో తెలియుటకు అంతకుమించిన ఉదాహరణము అక్కరలేదు. విరాటుని కొలువున ద్రౌపదిని కీచకుడు కాలితో తన్నును. సభలోనే భీమసేనుడు ఉన్నాడు. పదివేల యేనుగుల బలము కలవాడు, వంటవాని వేషమున నిలిచి చూచుచున్నాడు. కండ్లెఱ్ఱజేసి ప్రక్కనున్న వృక్షమును చూచును. దానిని పెకలించి కీచకుని తల పగులగొట్టుటకు అతనికి నిమిషము చాలును. కంకుని వేషమున ఉన్న ధర్మరాజు వారించును. వంటకు కట్టెలు కావలసినచో వెలుపలి చెట్లను చూచుకొమ్మని గూఢముగా హెచ్చరించును. భీముడు ఆగును.

ఆ క్షణమున భీముడు ఓడినాడు. భార్య అవమానింపబడగా చేయెత్తలేని భర్తకంటె ఓడినవాడెవడు? ఓటమికి కారణము అతని బాహువులలో లేదు, కీచకుని బలములోను లేదు. పండ్రెండేండ్ల వనవాసము, ఒక యేడు అజ్ఞాతవాసము అని అన్నదమ్ములు ఇచ్చిన మాటలో ఉన్నది. ఆ మాటకు మూలమైన ద్యూతములో ఉన్నది. బయటపడినచో మరల పండ్రెండేండ్లు అడవులపాలు. ప్రేక్షకునకు ఇదంతయు తెలియును. కావుననే మరునాటి రాత్రి నర్తనశాలలో కీచకుడు చచ్చినప్పుడు అది కేవలము కండబలపు గెలుపుగా తోచదు. బిగపట్టిన ఊపిరి విడిచినట్లుండును. హల్కును కొట్టిన దృశ్యములో ప్రేక్షకునకు ఆశ్చర్యము కలుగును. భీముడు ఆగిన దృశ్యములో కడుపు మండును. ఈ రెండింటికి నడుమనున్నదే హేతువు.

కృతహాని, అకృతాభ్యాగమము

కర్మసిద్ధాంతమును స్థాపించు సందర్భమున దార్శనికులు రెండు దోషములను చెప్పుదురు. చేసిన కర్మకు ఫలము లేకుండ నశించుట కృతహాని. చేయని కర్మకు ఫలము వచ్చి మీదపడుట అకృతాభ్యాగమము. ఈ రెండును అంగీకరించినచో లోకమున ధర్మాధర్మములకు అర్థమే ఉండదు. భాగములుగా తీయు చిత్రములలోని మహాబలుని ఓటమికి ఈ రెండు దోషములును అంటుకొన్నవి. అతడు ఏమియు చేయకయే ఓడును, ఇది అకృతాభ్యాగమము. ఓడినను తరువాతి భాగమునకు యథాతథముగా లేచివచ్చును, ఇది కృతహాని.

ఇతిహాసమున ఈ రెండింటికిని తావులేదు. కర్ణుని చూడుడు. తాను బ్రాహ్మణుడనని అసత్యము చెప్పి పరశురాముని వద్ద విద్య గ్రహించెను, సమయమునకు అస్త్రము స్ఫురింపని శాపము పొందెను. పొరపాటున ఒక విప్రుని గోవును చంపెను, రథచక్రము క్రుంగెను. అడిగినవానికి లేదనని వ్రతముచే కవచకుండలములను ఇంద్రునికి కోసి ఇచ్చెను, దేహరక్ష పోయెను. ఒకటి అసత్యము, ఒకటి ప్రమాదము, ఒకటి మహాదానము. మూడును అతడు చేసినవే. పదునేడవనాటి యుద్ధమున మూడును ఒక్కచోట చేరినవి. భీష్ముడు స్వచ్ఛందమరణుడు, తన్ను పడవేయు ఉపాయమును తానే పాండవులకు చెప్పెను.

మౌసలపర్వమున అర్జునుని ఓటమి మరింత విచారింపదగినది. కృష్ణనిర్యాణానంతరము యాదవస్త్రీలను వెంటబెట్టుకొని వచ్చుచు దారిలో దుడ్డుకఱ్ఱలు పట్టిన దోపిడిమూకకు ఓడెను. ఇతడు కురుక్షేత్రమున గెలిచిన అర్జునుడే, చేత ఉన్నది ఆ గాండీవమే. ఎక్కుపెట్టుటయే కష్టమైనది, అస్త్రములు స్మరణకు రాలేదు. వ్యాసుడు కారణము చెప్పెను: వచ్చిన పని ముగిసినది, అస్త్రములును వచ్చినచోటికి మరలినవి. బలము తనదికాదనియు, ఒక ప్రయోజనమునకై అప్పుగా వచ్చినదనియు ఆ ఓటమి బోధించినది. ఏ రాయియు అక్కరలేకపోయెను.

హేతువును కోరుట తెలుగు ప్రేక్షకుని నెత్తుటిలోనే ఉన్నదనుటకు నిదర్శనము ఇటీవలిదే కలదు. 2015 జూలైలో ‘బాహుబలి’ మొదటి భాగము ముగియునప్పటికి మహాబలుడగు అమరేంద్రుడు వెన్నుపోటున పడెను. రెండవ భాగము 2017 ఏప్రిల్‌లో వచ్చెను. ఆ నడుమ ఇంచుమించు రెండేండ్లు ఊరూరను వినిపించిన ప్రశ్న “కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపెను?” అనునది. ఎట్లు చంపెనని ఎవరును అడుగలేదు. చిత్రము ఇచ్చిన సమాధానము కూడ ఒక కట్టుబాటే: సింహాసనమునకు దాసుడైనవాని ప్రతిజ్ఞ. భీష్ముని కథ ఎరిగిన జాతికి అది క్రొత్తగా తోచలేదు. భాగములుగా తీయుటయే దోషము కాదనుటకు, హేతువును విడుచుటయే దోషమనుటకు ఇది చాలును.

గొడ్డలి పట్టిన వీరుడు

విదేశీయులను నిందించి ఊరకుండుట న్యాయము కాదు. కారణము లేక ఓడు వీరుడు ఒక దోషమైనచో, ఎన్నడును ఓడని వీరుడు మరియొక దోషము. ఆ రెండవదాని భారమును మోసినది రాయలసీమ.

1999లో ‘సమరసింహారెడ్డి’, 2001లో ‘నరసింహనాయుడు’, 2002లో ‘ఇంద్ర’ వచ్చినవి. 2003లో ‘ఒక్కడు’ చిత్రము కర్నూలు కొండారెడ్డి బురుజును తెలుగువారందరికి చూపినది. వీనిలో కొన్నింటిని నిష్పక్షపాతముగా చూచినచో ఒక విశేషము కానవచ్చును. సమరసింహారెడ్డి తన పేరు దాచి హోటలులో కూలివానిగా బ్రతుకును. ఇంద్రసేనారెడ్డి కాశిలో టాక్సీ నడుపును. ఇది అజ్ఞాతవాసము కాక మరేమి? వంటశాలలోని భీముని నీడయే ఇది. ప్రేక్షకులు ఆ మొదటి సగమున ఊపిరి బిగపట్టుటకు కారణము అదియే.

కాని వెనుక వచ్చిన అనుకరణములు కట్టుబాటును వదలి గొడ్డలిని మాత్రము పట్టుకొన్నవి. నాయకుడు వందమందిని నరకును, ఒక్క గాయమును నిలువదు, ఒక్క మరణమునకును లెక్కచెప్పడు. అన్నమయ్య పుట్టిన తాళ్లపాక ఉన్న సీమ, వేమన తిరిగిన సీమ, తెరమీద నెత్తుటి మడుగుగా మిగిలిపోయినది. ఈ సీమ పల్లెలలో ఫ్యాక్షన్ తగాదాలలో భర్తలను పోగొట్టుకొన్న స్త్రీలు నేటికిని ఉన్నారు. హద్దులేని బలమునకు అసలైన మూల్యము వారు చెల్లించిరి. తెరమీద నాయకుని చేతిలో చచ్చినవారి ఇండ్లకు కెమెరా ఎన్నడును పోదు. ఇదియు కృతహానియే. చేసినదానికి ఫలము లేదని పదే పదే చూచిన బాలుడు, పెరిగి బలవంతుడైన నాడు దేనికి జంకును?

లీల అను సమాధానము

ఇక రెండవ పూర్వపక్షము మిగిలినది. హనుమంతుడు కట్టుబడినట్లు నటించెననువారు సుందరకాండమును మరియొకమారు పరిశీలింపవలెను. జంబుమాలిని, మంత్రిపుత్రులను, సేనాపతులను, అక్షకుమారుని వధించిన పిమ్మట ఇంద్రజిత్తు బ్రహ్మాస్త్రమును ప్రయోగించెను. హనుమ నేలపడెను. తనను కట్టినది పితామహుని అస్త్రమని గ్రహించెను. బ్రహ్మ తనకిచ్చిన వరము జ్ఞప్తికి వచ్చెను. అయినను ఆ అస్త్రమును గౌరవించి దానికి లోబడి ఉండుటకే నిశ్చయించుకొనెను. రావణుని చూచి మాట్లాడు అవకాశము కూడ అందు కలదని తలచెను.

తరువాత జరిగినది చిత్రము. రాక్షసులు జనపనారత్రాళ్లతో, నారచీరలతో మరల బిగించిరి. బ్రహ్మాస్త్రము ఇతర బంధమును సహింపదు, వెంటనే విడివడిపోయెను. ఇంద్రజిత్తు ఆ సంగతి గ్రహించి చింతించెను. హనుమ మాత్రము తాను విముక్తుడైనట్లు తెలియనీయలేదు.

వాల్మీకి ఇంత స్పష్టముగా కారణమును చెప్పగా దానిని నటన యనుట ఆ గౌరవమును అబద్ధము చేయుట. బ్రహ్మాస్త్రముపై హనుమకున్నది గౌరవమా, పరిహాసమా? గౌరవమే యైనచో బంధము నిజము. నటన యైనచో గౌరవము శూన్యము. రెండును ఒక్కచోట నిలువవు. లీల యనుటలో దోషము లేదు. లీల యని చెప్పి కారణమును ఎగురగొట్టుటలో దోషమున్నది. అట్లు చేసినవానికిని, నిర్మాత అవసరమునకై హల్కును పడవేసినవానికిని తేడా మిగులదు.

సిద్ధాంతము

కడప జిల్లా వేంపల్లె సమీపమున పాపఘ్ని నది కొండను చీల్చుకొని పారుచోటు గండి. అచటి ఆంజనేయుని గూర్చి స్థలపురాణము ఇట్లు చెప్పును. లంకనుండి మరలివచ్చుచు శ్రీరాముడు బాణపు మొనతో శిలపై హనుమ రూపమును గీసెను. చిటికెన వ్రేలు పూర్తికాకమునుపే వేళ మించినదని లక్ష్మణుడు తెలిపెను. ఆ వ్రేలు అట్లే నిలిచినది. వజ్రదేహుని మూర్తిలో ఒక చిన్న వెలితి. దానిని లోపమని ఎవరును అనరు. స్వామి కాలము మీరలేదనుటకు గుర్తుగా దానికి మ్రొక్కుదురు.

అహోబిలమునకు పోదము. నేటి నంద్యాల జిల్లాలో నల్లమలలో ఉన్నది, మొన్నటివరకు కర్నూలు జిల్లాలోనిది. యాత్రికులు రొప్పుచు ఎక్కి ఉక్కుస్తంభమును దర్శింతురు. ఆ స్తంభమునుండి వెలువడినవానికంటె బలవంతుడు ఏ లోకమునను లేడు. అట్టివాడును తన ఇచ్చవచ్చినట్లు హిరణ్యకశిపుని చంపలేదు. పగలుకాదు రేయికాదు, ఇంట కాదు బయట కాదు, నేల కాదు నింగి కాదు, శస్త్రము కాదు అస్త్రము కాదు అని బ్రహ్మ ఇచ్చిన ప్రతి మాటకును చోటుంచి, సంధ్యవేళ, గడపమీద, తొడపై నిడుకొని, గోళ్లతో చీల్చెను. సర్వశక్తిమంతుడు ఒక దుష్టునకు ఇయ్యబడిన వరమును సైతము మీరలేదు. వధ ముగిసినను కోపము చల్లారలేదు. లక్ష్మీదేవియే దగ్గరకు పోవ వెఱచెను. అప్పుడు ప్రహ్లాదుడను చిన్నపిల్లవాడు పోయి పాదములపై పడెను. ఆ బలము ఆ పసివాని తలపై చేయిగా మారి నిలిచెను.

కావున సిద్ధాంతమిది. బలవంతుడు ఓడుట తప్పుకాదు, గెలుచుటయు తప్పుకాదు. అతని బలమును ఏది కట్టినదని అడిగినప్పుడు కథ సమాధానము చెప్పగలగవలెను. ఇచ్చిన మాట కావచ్చును, చేసిన పాపము కావచ్చును, పెద్దలయెడ గౌరవము కావచ్చును, తీరిన ప్రయోజనము కావచ్చును. ఏదియు లేనిచో అది కథ కాదు, లెక్కల పుస్తకము.

పిల్లలను ఆ చిత్రములు చూడవద్దని శాసించుటవలన ప్రయోజనము లేదు. చూచి వచ్చి “ఎట్లు ఓడెను?” అని అడిగినప్పుడు కసరక కూర్చుండబెట్టి, “ఎందుకు ఓడెనో నీవే చెప్పు నాయనా” అని తిరిగి అడుగవలెను. ఆ బాలుడు చాలసేపు వెదకును. దొరకదు. అప్పుడు విరాటుని కొలువులో చెట్టువంక చూచి ఆగిపోయిన వంటవాని కథ చెప్పవలెను. సురభి పల్లెలో 1885లో దీపముల వెలుగున అది చూచినవారికి కలిగిన కడుపుమంట ఆ బాలునకును కలుగును. తన చేతులలోని బలము ఎప్పుడు ఎత్తవలెనో, ఎప్పుడు దించవలెనో ఆలోచించుట ఆనాడు మొదలగును.

ఇతి శమ్.